అవ్వ క్యాసెట్టు

తొంభైలలో దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఐర్లండ్ వాళ్ళింట్లో వంటపని చేసేదాన్ని. ఒకరోజు మేడమ్‌కి వాళ్ళ దేశం నుంచి వీడియో వచ్చింది. నూరేళ్ళు దాటిన ముసలివాళ్ళను కూర్చోబెట్టి పాత కబుర్లు చెప్పించిన డాక్యుమెంటరీ. ఇస్త్రీ చేస్తూ నేనూ చూశాను. అబ్బో, ఏం సంబడం! ఒకాయన బడికి చెప్పుల్లేకుండా నడిచాడట. ఒకావిడ ఇంటికి కరెంటు వచ్చినా దీపం ఆర్పడానికి భయపడిందట. అందుకే మేడమ్ ముక్కు చీదుకుంటూ ఏడుపు. చెప్పుల్లేకుండా నడవడమూ ఘనకార్యమైతే మా కడప జిల్లాలో ఊరికి వంద సినిమాలు తీయొచ్చు.

"మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళున్నారా?" అని అడిగింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "మా అవ్వా నూరేళ్ళ మనిషే మేడమ్. పోయినేడు చనిపోయింది. ఆమె మాటలు క్యాసెట్‌లో ఉండాయి" అనేశాను.

"తెప్పించు, నేనూ వింటా."

ఇరుక్కుపోయాను. అప్పట్లో ఉత్తరం రాయలేని మాకు క్యాసెట్లే దిక్కు. ఇంటివాళ్ళు మాట్లాడి పంపితే విని, దానిమీదే మా జవాబు నింపి, ఊరికెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఒకే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగేది. అవ్వ పంపినదాన్నీ అలాగే చేశాను. అసలు విన్నానా? "నేను నీయంత ఉండేటప్పుడు కరువొచ్చి..." అని ఆమె మొదలుపెట్టగానే, మళ్ళీ అదే సోది అనుకుని ముందుకు తిప్పేశాను. దొరసానికేమో ఎవరి ముసలివాళ్ళో చెప్పినా కన్నీళ్ళు. నాకు సొంత అవ్వ చెబుతుంటే విసుగు. పెద్ద పనిమంతురాలిని కదా!

అయినా ఒక ఆశ. ఒకవైపే మాట్లాడి ఉంటాను, రెండోవైపు అవ్వ మిగిలే ఉంటుంది. ఆ కరువులో ఏం జరిగిందో ఇప్పుడైనా వినాలి. సెలవుకు వెళ్తున్న మా పక్కూరి డ్రైవర్‌కి చెప్పి పంపాను. రెండు నెలలకు తెచ్చిచ్చాడు.

"మీయవ్వ పోయేదాకా దినామూ ఇదే పెట్టించుకొని ఇనేదంటక్కా" అన్నాడు.

మేడమ్ హాల్లో టేప్ రికార్డర్ పెట్టి, టీ కూడా తెచ్చుకుని కూర్చుంది. మొదటివైపంతా నా గొంతే. బాగున్నా, ఎండలు, గోంగూర పచ్చడి పంపండి. మధ్యలో నవ్వుతూ, "అవ్వా, ఆ కరువు కతలెందుకులే, ఎన్నిసార్లు చెప్తావు?" క్యాసెట్టు తిప్పి పెట్టాను. రెండోవైపూ నేనే. థూ, ఇంత వాగుడేమిటే నీకు అనిపించింది. చివర్లో టక్కుమని నా మాట ఆగింది. వెనక మిగిలిన కొసలో అవ్వ.

"...అట్ల బతికి బయటపడినాం పాపా. ఇంగ చాలంట, క్యాసెట్టు అయిపోతాదంట. అంతా ఇన్నావా?"

టేపు ఆగిపోయింది.

"ఏమంటోంది?" అని అడిగింది మేడమ్.

"పచ్చడి అందిందా అంటోంది" అని అబద్ధం చెప్పాను.