శంషాబాద్ బార్‌లో ఒక పరీక్ష

కొత్త విమానాశ్రయం తెరిచిన రోజుల్లో, నా విమానానికి ఇంకా వేళ ఉండటంతో, ఓ మధ్యాహ్నం శంషాబాద్‌లోని చవక బార్‌లో నిమ్మసోడా తాగుతూ కూర్చున్నాను. డీజే మోతకు బల్లలు అదురుతున్నాయి. దుబాయి వెళ్లే స్నేహితుణ్ణి సాగనంపడానికి వచ్చిన కుర్రాళ్లు చిందులేస్తున్నారు. ఆ దుబాయి ప్రయాణికుడే నా దగ్గరికొచ్చి నోరు తెరిచాడు.

"అన్నా, జర వాసన చూడు. మందు వాసనొస్తే విమానం ఎక్కనియ్యరంట."

"తాగావా?"

"చుక్క ముట్టలే. మా దోస్తొకడు గిలాస మూతికి పెట్టి పరేషాన్ చేస్తున్నడు. మా వాళ్లనడుగుదామంటే అందరికీ ఎక్కింది."

లైబ్రరీలో ఎన్ని యాత్రాకథలు చదివినా, పరిచయం ఇలా మొదలవడం ఎక్కడా చూడలేదు. వాసన చూశాను.

"ఉల్లిగడ్డ వాసనే. హాయిగా వెళ్లు," అన్నాను.

పాట అప్పుడే ఆగడంతో నా మాట అందరికీ వినబడింది. గ్లాసు పట్టుకున్న స్నేహితుడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జర మందు వాసనొస్తుందంటే నీదేం పోయేదన్నా? వీడు ఈడనే ఉంటుండె."