పదిరోజుల సున్నాలు

నాలుగేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తెనాలిలో నాది ఇన్వర్టర్ల దుకాణం. చదువు పదితో ఆగింది. బ్యాటరీల లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. మా ఇంట్లో ఏ లెక్కైనా నన్నడిగాకే.

మా బావగారు రేపల్లెలో దస్తావేజులు రాసేవారు. వణుకుడు జబ్బుతో చేతులు స్వాధీనం తప్పితే, మెదడుకు సన్నని తీగలు వేసి, ఛాతీలో చర్మం కింద చిన్న యంత్రం అమర్చారు. చేతులు నిలబడ్డాయి. మళ్ళీ సంతకం పెట్టారు. ఆ యంత్రంలో బ్యాటరీకి బయటినుంచే ఛార్జింగ్. ఛాతీమీద బిళ్ళ ఆనించి గంటసేపు కూర్చోవాలి. వారానికోసారి తప్పకుండా పెట్టమన్నారు డాక్టరుగారు.

నేను లెక్కేశాను. వారానికి అరవై శాతం ఖర్చవుతోంది. పదిరోజులకు ఎనభై ఆరు. ఇంకా పద్నాలుగు మిగులుతుంది. ఎంత తక్కువసార్లు ఛార్జి చేస్తే బ్యాటరీ అంత ఎక్కువకాలం వస్తుంది, ఛాతీ మళ్ళీ కోయక్కర్లేదు అనుకున్నాను. అక్కావాళ్ళింటి గోడమీది క్యాలెండర్లో పదిరోజులకో ఎర్ర సున్నా చుట్టాను. "ఏంటోయ్, నన్నూ నీ ఇన్వర్టర్లలో కలిపేశావా?" అని నవ్వారు బావగారు.

తర్వాత ఆసుపత్రిలో యంత్రం జోరు పెంచారు. అక్క ఫోన్ చేసి చెప్పింది. విన్నాను. మళ్ళీ లెక్క వేయలేదు. ఎందుకు వేయలేదు? నా లెక్కమీద నాకంత నమ్మకమా, బద్ధకమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. జోరు పెంచాక రోజుకు పది శాతం చొప్పున పదిరోజులకు నూరు. మిగిలేది సున్నా. ఈపాటి లెక్క దుకాణంలో ఎవరడిగినా నోటితో చెప్పేవాణ్ణి.

పదోరోజు పొద్దున యంత్రం ఆగింది. ఒళ్ళు బిగుసుకుపోయి, పెరటి మెట్టుమీద పడిపోయారు. తుంటి విరిగింది.

బాపట్ల నుంచి యంత్రం చూసే అతను వచ్చాడు. బ్యాటరీ మళ్ళీ ఛార్జి పట్టింది. బావగారి తుంటి మాత్రం అతకలేదు.

"ఛార్జింగ్ మానేశారాండీ?" అనడిగాడతను.

అక్క నావైపు చూసింది. "నేనే ఒక సున్నా చూసుకోలేదేమో బాబూ. ఈమధ్య మతిమరుపెక్కువైంది. కదరా తమ్ముడూ?"

"అయ్యుంటుందిలే అక్కా."

ఆ రెండు మాటలే నా తప్పు. లెక్క తప్పడం కాదు.

మర్నాడు ఆ క్యాలెండర్ తీసేసి, కొత్తది తగిలించి, వారానికో సున్నా చుట్టాను. అక్క అదేమని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు.

రెండేళ్లు మంచంలో ఉండి బావగారు పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అక్క ఒకటే చెప్పింది: "నా మతిమరుపే ఆయన్ని పొట్టన పెట్టుకుంది." నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఇప్పుడు పొయ్యి ఆపిందో లేదో మూడుసార్లు లేచి చూసుకుంటుంది. తన తలను తనే నమ్మడం మానేసింది.

ఈ కాగితం తనకు చూపించే ధైర్యం ఇవాళ్టికి లేదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. పాత క్యాలెండర్ నా బీరువాలోనే ఉంది. ఇప్పుడే తీసి చూశాను. బావగారు పడిన రోజుకు ముందున్న ప్రతి సున్నా పక్కనా పెన్సిలుతో చిన్న గీత ఉంది. ఛార్జి పెట్టినప్పుడల్లా అక్క గీసుకున్నది.

ఒక్కటీ తప్పలేదు.