పసుపు జెండా మలుపు

మా నాయన నగరిలో మరమగ్గాలు నడిపేవాడు. మగ్గాలు ఆగితే చాలు, వీధి వీధంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేది. నాయన మాత్రం రేసులున్న ఆదివారాల్లో తెల్లారకముందే చెన్నై వైపు రైలెక్కి, దిగి బస్సు పట్టుకుని రేసు ట్రాకుకు పోయేవాడు. అక్కడ ఒక మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడడం ఆయన పని. ముందు ఏ బండైనా పడితే పసుపు జెండా ఊపాలి. అది చూసి వెనకొచ్చేవాళ్ళు నెమ్మదిస్తారు. దానికి దక్కేది ఒక అన్నం పొట్లం, ఒక టోపీ. ఆ టోపీ నాకిచ్చేవాడు. నేను దాన్ని బడికి కూడా పెట్టుకుపోయి తిట్లు తిన్నాను.

ఒక ఆదివారం టోపీ లేకుండా వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ పోలేదు. ఎందుకో అమ్మ నాకు చాలా ఏళ్ళకు చెప్పింది.

మరమగ్గం మనిషికి కళ్ళకంటే చెవులు ముందు. నాలుగు మగ్గాలు ఒకేసారి మోగుతున్నా, ఒకదాని చప్పుడు మారితే చాలు, పోగు తెగిందని ఒళ్ళు దానంతటదే అటు తిరుగుతుంది. ఆ రోజు వెనక వస్తున్న ఒక ఇంజను చప్పుడు తేడాగా వినిపించి నాయన అటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే మలుపు అవతల ఒక బైకు పడింది. జెండా లేవలేదు. వెనకొచ్చిన కుర్రాడు ఆ బైకును గుద్దుకుని కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఇప్పుడు నేను నాయుడుపేటలో ఉద్యోగం చేస్తున్నాను. సెలవులకు ఇంటికి వచ్చి, బల్లకు బిగించిన స్టీరింగుతో కంప్యూటర్లో కారు రేసుల ఆట ఆడుతుంటాను. పెళ్ళీడు దాటిపోతున్నా బొమ్మ స్టీరింగేమిటని అమ్మ తిడుతూనే ఉంటుంది. పోయినసారి వచ్చినప్పుడు, ఎవరో అభిమానులు నాయన నిలబడిన ఆ ట్రాకునే అంగుళం తేడా లేకుండా ఆటలోకి దించారని తెలిసింది. నాయన సంతోషిస్తాడనుకుని పిలిచి చూపించాను. నా తెలివి అంత.

"మెల్లగా పో పాపా," అన్నాడు. కొంచెం దూరం పోయాక, "ఆపు. ఈడే. ఇదే నా జాగా," అన్నాడు. రోడ్డు పక్కన చిన్న రేకుల గూడు ఉంది. అందులో ఎవరూ లేరు.

"వేగంగా వస్తాంటే ఆ గూడు కనపడతాదా? సూసి చెప్పు."

ఒక చుట్టు వేగంగా తిరిగి వచ్చాను. గూడు శుభ్రంగా కనిపించింది.

"లేదు నాయనా. నువ్వు జెండా ఎత్తినా ఆ పిల్లోడికి కనపడి ఉండదు."

"లెయ్, నేను సూస్తా."

జన్మలో సైకిలు తప్ప మరొకటి నడపని మనిషి స్టీరింగు ముందు కూర్చున్నాడు. గోడను గుద్దాడు, గడ్డిలోకి పోయాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కలేదు. చివరికి స్టీరింగు వదిలి నా వైపు చూశాడు.

"బాగా కనపడతాది పాపా. నాకోసరం అబద్ధం చెప్పినావు."

నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఏడుస్తావెందుకు? తప్పు నాదే. ఇన్నేండ్లూ ఎవురూ నన్ను ఆ మాట అననీలేదు. మీయమ్మ కూడా." నా తల మీద చెయ్యి వేశాడు. ఆయన గొంతు తేలికపడింది. "నువ్వు పో. నేను ఈడ నిలబడతా."

భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. నేను మిగతా కార్లతో రేసు మొదలుపెట్టాను. మూడో చుట్టులో ఆ మలుపుకు వస్తుంటే, అవతల ఎక్కడో టైర్లు కీచుమన్నాయట. నాకు వినపడనే లేదు. ఆటలో ఇంకా ఏ జెండా లేవలేదు. నాయన తువ్వాలు లేచింది.

బ్రేకు తొక్కాను. మలుపు తిరిగితే రోడ్డుకు అడ్డంగా ఒక కారు. దాని పక్కనుంచి మెల్లగా తప్పుకున్నాను. వెనకున్నవాళ్ళందరూ నన్ను దాటిపోయారు, ఆఖరిదాన్నయ్యాను. ఆ కారు కదిలేదాకా నాయన చెయ్యి దించలేదు.