గిన్నె కడిగి బోర్లించే దయ్యం

ఒక్క మాటతో ఊరు ఊరంతటినీ ఏడిపించిన ఘనుణ్ని నేను. పాట పాడి కాదు, ఉపన్యాసమిచ్చి అంతకన్నా కాదు. దయ్యాలు లేవని నిరూపించడానికి వెళ్లి! మీరు నిక్షేపంగా నవ్వుకోండి. ఇన్నేళ్లకు నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం. జగిత్యాలలో సైన్సు డిగ్రీ చదివి, కథలాపూర్ దగ్గర ఒక పల్లె బడిలో సారునయ్యాను. సైన్సంతా నా చొక్కా జేబులోనే ఉందని గట్టి నమ్మకం.

ఆ ఊళ్లో సగం ఇళ్లలో మగవాళ్లు లేరు. వానల్లేవు, బావుల్లో నీళ్లు లేవు. కొందరు బొంబాయి, ఇంకొందరు దుబాయి. గంగరాజం కూడా అలాగే దుబాయి బయల్దేరాడు. వెళ్లేముందు యాటపోతును కోసి, కల్లు కుండలు దింపించి, ఊరందరికీ దావత్ ఇచ్చాడు. మెడ నిండా దండలతో కోరుట్ల బస్సెక్కాడు. అతని భార్య పద్మ ఇంటికి తాళం వేసి, పక్క వాడలో మొగుడి అక్క పోశవ్వ ఇంటికి చేరి బీడీలు చుట్టుకుంటోంది.

కొన్నాళ్లకు ఆ తాళమేసిన ఇంట్లోంచి దగ్గు వినపడడం మొదలైంది. లోపల దయ్యం చేరిందని, రోజూ దానికింత బువ్వ పెడితే ఎవరి జోలికీ రాదని పద్మే ఊళ్లో చెప్పింది. చెప్పినట్టే అన్నం గిన్నె తీసుకెళ్లి పెరటి కిటికీలో పెట్టి వచ్చేది.

“ఉత్తగ బువ్వ తింటే పిల్లి అనుకుందుము సారూ,” అన్నాడు చాయ హోటలు మల్లేశం. “గిన్నె కడిగి బోర్లిస్తది!”

“పిల్లే. నాకితే కడిగినట్టు కనపడదా?”

“మరి బోర్లిచ్చుడు?”

“గాలి.”

“రాత్రిపూట కిటికీలకెల్లి బీడీ పొగ అచ్చుడు?”

జవాబు తెలియనప్పుడు నోరు మూసుకోవాలని డిగ్రీలో ఎవరూ చెప్పలేదు.

“ఐతారం పొద్దుగాల తాళం తీయిండ్రి. నేను లోపటికి పోత. దయ్యమున్నదో లేదో ఊరందరి ముంగట తేల్చేస్త,” అని ప్రకటించేశాను.

ఆదివారం ఆ ఇంటి ముందు జాతర! పద్మ పరుగెత్తుకొచ్చింది. చేతిలో బీడీ దారం ఇంకా అలాగే ఉంది.

“వద్దు సారూ, మీ కాల్మొక్కుత. అది ఎవ్వలినేమంటలేదు. దాని మానాన దాన్ని ఉండనీయిండ్రి.”

నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. “భయపడకు చెల్లె. ఇయ్యాల్టితోటి నీ బాధ తీరుస్త,” అన్నాను.

“సారు సదువుకున్నోడు పద్మా, ఏంగాదు,” అంటూ పోశవ్వే ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

లోపల చీకటి, బీడీ వాసన. వడ్లు పోసుకునే గుమ్మి వెనకాల ఏదో కదిలింది. చూస్తే గడ్డం, గడ్డం పైన రెండు కళ్లు. చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన దండకం ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా నోట్లోకి వచ్చేసింది.

“సారూ, మెల్లగ సదువుండ్రి, బయటికి ఇనపడ్తది,” అంది దయ్యం. “నేను గంగరాజాన్ని.”

“నువ్వు దుబాయిల లేవా?”

“బొంబాయి దాటలే సారూ. విమానం రేపు, ఎల్లుండి అనుకుంట ఏజెంటు మాయమైండు. గంత దావత్ ఇచ్చి, గన్ని దండలేసుకొని, ఏం మొఖం పెట్టుకొని ఊళ్లెకు రావాలె? ఇంకో వీసా దొరికినంక చీకట్ల ఎల్లిపోత. అందాక నేను దయ్యాన్నే. దండం పెడ్త, దయ్యమున్నదనే చెప్పుండ్రి.”

నాకు నిజంగానే జాలేసింది. ఒక మనిషి పరువు నా చేతిలో ఉందని అర్థమై, నా సైన్సును గుమ్మి వెనకే వదిలేసి బయటికొచ్చాను.

“ఉన్నదా సారూ?” అన్నారు అందరూ.

“ఉన్నది,” అన్నాను.

పద్మ గట్టిగా ఊపిరి వదిలింది. అక్కడితో ఆపి గదికి వెళ్లి పడుకుంటే బతికిపోయేవాణ్ని. కానీ బడిపంతులు అన్నాక వివరించకుండా ఉండగలడా?

“ఎవ్వల దయ్యం సారూ? గీ ఇంట్లెకే ఎందుకచ్చింది?” అడిగాడు మల్లేశం.

ఖాళీ ఇల్లు కాబట్టి ఏదో వచ్చి చేరిందని చెబుదామనుకున్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “ఏం లేదు... మన గంగరాజం పోయిండు గద...”

వాక్యం పూర్తి కానిస్తేనా! దుబాయి పోయిండని నా ఉద్దేశం. కానీ దయ్యాన్ని చూసి వచ్చిన మనిషి ‘పోయిండు’ అంటే ఊరికి అర్థమయ్యేది ఒకటే. పైగా అప్పట్లో అక్కడి కబురు ఇక్కడికి చేరడానికి నెలలు పట్టేది. కొన్ని ఇళ్లకు కబురు కన్నా ముందు శవపేటికే వచ్చింది.

“అయ్యో నా తమ్ముడా!” అంటూ పోశవ్వ మట్టిలో కూలబడింది. “గంత దూరంల పానం ఇడిసి, ఇల్లు ఎతుక్కుంట అచ్చినవా కొడుకా! ఉత్త పచ్చిపులుసు పోసి బువ్వ పెడ్తిమి గదరా, ఇంత కూరన్న పెట్టకపోతిమి!”

“గట్ల కాదు! పోయిండు అంటే పోయిండని కాదు, పోయిండని!” అని నేను గొంతు చించుకుంటున్నాను. ఎవరు వింటారు? మల్లేశం అప్పటికే తువ్వాలతో కళ్లొత్తుకుంటున్నాడు.

ఆడవాళ్లు పద్మను చుట్టుముట్టారు. ఒకామె బొట్టు మీద చెయ్యి వేయబోయింది, ఇంకొకామె గాజులు పట్టుకుంది. పద్మ చేతులు వెనక్కి దాచుకుని, “నా మొగడు సావలే! నన్ను ముట్టకుండ్రి!” అని అరిచింది.

“పాపం, పిల్లకు మతి తప్పింది,” అంటూ మరింత గట్టిగా పట్టుకున్నారు. ఒక గాజు చిట్లింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ చప్పుడు వినగానే గంగరాజాన్ని పిలవడానికి తలుపు వైపు తిరిగాను.

అప్పుడు తలుపు ధడాలున తెరుచుకుంది.

“ఆగుండ్రి! నేను సావలే!”

గడ్డంతో, బూజుతో గుమ్మంలో గంగరాజం. ఊరు ఎటు వీలైతే అటు పరుగు. మల్లేశం తన హోటలు కూడా దాటిపోయాడట. పోశవ్వ ఒక్కతే కదల్లేదు. వంగి, తమ్ముడి పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమో చూసింది. ముందుకే ఉన్నాయి. వెంటనే చెప్పు తీసింది.

“ఇంట్లనే ఉండి నన్ను గింత ఏడిపిస్తవార!” అని ఎడాపెడా వాయించి, ఆ చేత్తోనే తమ్ముడి మెడ పట్టుకుని భోరుమంది.

ఊరు ఒక్కొక్కరుగా తిరిగొచ్చాక, గంగరాజం అరుగు మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. నవ్వుతారని తలెత్తలేదు. ఎవరూ నవ్వలేదు. చచ్చాడని ఏడ్చిన నోటితోనే, బొంబాయి నుంచి వెనక్కొచ్చాడని ఎవరు ఎగతాళి చేయగలరు? మల్లేశం చాయ తెచ్చి చేతికిచ్చాడు. తర్వాత గంగరాజం సిరిసిల్లలో మరమగ్గాల పనిలో కుదిరాడు.

ఊరు నవ్వింది నన్ను చూసి. మొదలుపెట్టింది గంగరాజమే.

“దయ్యమున్నదని చెప్పుమంటిని గని సారూ, అందుకోసం నన్ను సంపుమంటినా?”

ఆ రోజే, ఆ అరుగు మీదే, పోశవ్వ చెప్పు సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఇక నా కంఠంలో ప్రాణముండగా ఏ మనిషి గురించీ ‘పోయిండు’ అనను. ఎవరి కోసం ఎవరొచ్చి అడిగినా, ఆ మనిషి సంతలో ఉన్నా, సముద్రాల అవతల ఉన్నా, నాది ఒకటే జవాబు.

“ఊళ్లె లేడు. మళ్లస్తడు.”