సీసాలమ్మ కుట్టించిన గర్భసంచులు

సీసాలమ్మ అన్న పేరు ఎవరు పెట్టారో గాని, మేం కాలేజీలో చేరేసరికే ఆవిడకి అది స్థిరపడిపోయింది. హాజరు పట్టీలో ఇంకేదో పేరుందని గుమాస్తా చెప్పేవాడు. అదేమిటని మేం అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మాది పశువైద్య సహాయకుల్ని తయారుచేసే కాలేజీ. రెండేళ్ళ చదువు. మెట్ల కింద ఒక పొడుగాటి గది ఉండేది. గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా గాజు సీసాలు. ఒక్కో సీసాలో, కుళ్ళిపోకుండా ఫార్మలిన్ మందులో మునిగి ఒక ఆవు గర్భసంచో, గేదె అండాశయమో, పొట్టేలు వృషణాలో ఉండేవి. ఆ సీసాలు తుడవడం, మందు తగ్గితే పోయడం, మూత చుట్టూ మైనం రాయడం, పాఠం ఉన్న రోజు వాటిని పసిపిల్లల్లా చంకనెత్తుకుని క్లాసుకి తేవడం, ఇదీ ఆవిడ ఉద్యోగం.

ముప్ఫై ఒకటో ఏట చేరింది. భర్త దర్జీ. ఇంటి ముందుగదే కొట్టు. అత్తగారు గుమ్మం పక్కన పీట వేసుకుని బొత్తాలు కుట్టేది. ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం భర్త అడిగాడట.

"ఏం పని?"

"సీసాలు తుడవడమండీ."

"సీసాల్లో ఏముంటుంది?"

"మందు."

అందులో అబద్ధమేమీ లేదు. ఆయన వీధిలో అందరితోనూ "మా ఆవిడ మందుల సెక్షన్లో చేస్తుంది" అని చెప్పుకున్నాడు. దాంతో పక్కింటావిడ తలనొప్పికి ఏదైనా తెచ్చిపెట్టమని ప్రాణం తీసేది. ఈవిడ రోజుకో సాకు చెప్పి తప్పించుకునేది.

ఇక మా మాస్టారి సంగతి. పశువుల పునరుత్పత్తి పాఠం ఆయనది. చదువులో దిట్ట. గేదె మీద చెయ్యి వేస్తే చూడి ఎన్నో నెలో చెప్పేసేవారు. కాని ఆ పాఠంలో ఉన్న మాటలు మాత్రం ఆయన నోట రావు. ఆడపిల్లలు ముందు బెంచీలో కూర్చుంటారు కదా. అసలు మాట దగ్గరికి రాగానే ఆయన దగ్గేవారు. "ఆవు యొక్క," అని, గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గి, "కి రెండు కొమ్ములుండును," అనేవారు. నిజంగానే ఆవుకి రెండు కొమ్ములుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

సీసాలమ్మ రాకముందు బ్యాచ్ వాళ్ళు దగ్గు వచ్చిన చోటల్లా నోట్సులో "దగ్గు" అనే రాసుకున్నారట. పరీక్షలో ఒకడు, "ఆవుకి ఇరవై ఒక్క రోజులకొకసారి దగ్గు వచ్చును. అది సుమారు పద్దెనిమిది గంటలు ఉండును. పొద్దున దగ్గు కనిపించినచో సాయంత్రం ఎద్దు దగ్గరకు తీసుకుపోవలెను," అని రాశాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేపరు మీద "ఊపిరితిత్తుల పాఠం వేరేగా చెప్పవలెను" అని రాసి తిప్పిపంపాడు.

సీసాలమ్మ చేరిన మొదటి నెలలోనే ఆ తిప్పలు తీరాయి. ఆ రోజు గర్భసంచి ఉన్న సీసా పట్టుకుని నల్లబల్ల పక్కన నిలబడింది. మాస్టారు "ఆవు యొక్క" అని దగ్గారు. ఒక పిల్ల లేచి, "దేనికి సార్?" అంది. మాస్టారు మళ్ళీ దగ్గారు. ఆయనకి పొలమారిందేమోనని సీసాలమ్మ కంగారుపడి, ఆయన బదులు తనే సీసా మీది చీటీ కూడబలుక్కుని చదివింది.

"గర్భసంచి."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. "దానికి రెండు కొమ్ములుండును," అన్నారు.

అంతే. దాని గురించి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు. ఆయన దగ్గేవారు, ఈవిడ మాట అందించేది. అండాశయం. వీర్యం. ఎద. మొహంలో నవ్వుండదు, సిగ్గుండదు, బస్సు కండక్టరు స్టేజీల పేర్లు చెప్పినట్టు చెప్పేది. మేం చేరేనాటికి ఏడేళ్ళుగా సాగుతోంది ఆ జంట పాఠం. దగ్గులో ఆవిడకి తేడాలు కూడా తెలుసు. పొట్టి దగ్గైతే అండం, పొడుగు దగ్గైతే వృషణాలు.

మా రెండో ఏడు, ఆఖరి ప్రాక్టికల్ పరీక్షకి ఆరు రోజులుందనగా, మెట్ల కింద గదిలో మధ్య అర విరిగింది. చెదలు తిన్న చెక్క. ఆవు సీసాలన్నీ ఆ అరలోనే ఉండేవి. ఒక్కటీ మిగల్లేదు. మేం పరిగెత్తుకు వెళ్ళేసరికి గది నిండా కళ్ళు మండే వాసన. ఆవిడ కొంగు ముక్కుకి కట్టుకుని, గాజు పెంకుల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కో గర్భసంచినీ బేసిన్లోకి ఎత్తుతోంది.

"తెగిపోయినవి తెగిపోగా, మిగిలినవి నలిగిపోయాయి సార్," అంది మాస్టారితో.

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డారు. ఆయన బాధలో న్యాయముంది. పరీక్షలో ఒక చెక్కపెట్టె ఉంటుంది, దానికి చెయ్యి పట్టేంత కంత. లోపల గర్భసంచి పెడతారు. కళ్ళతో చూడకుండా, చేత్తో తడిమి చూడి కట్టిందో లేదో చెప్పాలి. రేపు నిజం ఆవు దగ్గరా చేసేది అదే పని. కొత్తవి తెప్పించాలంటే పైఆఫీసుకి రాయాలి, జవాబు వచ్చేసరికి మాకు పెళ్ళిళ్ళై పిల్లలు పుడతారు.

సీసాలమ్మ బేసిన్లోని ఒక గర్భసంచిని వేళ్ళతో నొక్కి చూసింది. తర్వాత అంది, "చేతికి తెలిస్తే చాలు కదా సార్. కంటికి ఎలా ఉంటేనేం? గుడ్డతో కుట్టిద్దాం."

"ఎవరు కుడతారమ్మా?"

తొమ్మిదేళ్ళుగా ఇంట్లో చెప్పని సంగతి ఇప్పుడు చెప్పక తప్పదని ఆవిడకి అప్పుడే తెలిసిందట.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, భర్త మిషను ముందు కూర్చోగానే విషయం కదిపింది. ఇదంతా తర్వాత ఆవిడ మాకు చెప్పిందే.

"ఏమండీ, ఒక సంచి కుట్టాలి."

"ఎలాంటి సంచి?"

"పొట్టి సంచి. దానికి పైన రెండు చేతులు. మొదట్లో మూడు వేళ్ళ లావు, పోనుపోను చిటికెన వేలంత. చివరికి పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకోవాలి."

"ఏం తొడుగు అది? ఎవరికి?"

"ఆవుది."

"ఆవుకి చొక్కా ఏమిటి?"

"తొడుక్కునేది కాదండీ. లోపల ఉండేది." ఇక లాభం లేదని పేరు చెప్పేసింది.

ఆయన కత్తెర కింద పెట్టాడు. తల్లి వైపు చూశాడు. తల్లి బొత్తం కుడుతూనే ఉంది. "మందుల సెక్షన్ అన్నావు కదే," అన్నాడు చివరికి.

"మందులోనే ఉంటాయండీ అవి."

అత్తగారు దారం కొరికి, కళ్ళజోడు పైకి తోసుకుంది. "వెధవ సిగ్గు. మా పుట్టింట్లో పదకొండు గేదెలు. నువ్వు పుట్టకముందు ఎన్ని ఈతలు నా చేతుల మీదుగా చేయించానో నీకేం తెలుసు? కొలతలు రాసుకో," అంది.

ఆయన కొలతలు రాసుకున్నాడు. రాసుకోవడం మొదలుపెట్టాక సిగ్గు సగం పోయింది, ఎందుకంటే పని ఆయనకి అర్థమయ్యే భాషలోకి వచ్చింది. సంచి నోటి దగ్గర గర్భాశయ ముఖం ఉంటుంది, చేత్తో పట్టుకుంటే గట్టిగా తగలాలి. ఆయన కాలర్లో వేసే బిరుసు గుడ్డని నాలుగు చుట్లు చుట్టి కుట్టాడు. అత్తగారు నొక్కి చూసి, "కోడిమెడలా ఉండాలిరా, ఇది కర్రలా ఉంది," అని విప్పించింది. రెండోసారి మూడు చుట్లు వేశాడు. కోడిమెడ వచ్చింది.

చూడి కట్టిన సంచి దగ్గర పెద్ద చర్చ జరిగింది.

"ఒక కొమ్ము లావుగా ఉండాలి, నీళ్ళున్నట్టు ఊగాలి," అంది సీసాలమ్మ. "వేళ్ళతో మెల్లగా గిల్లి పడితే లోపలి పొర జారిపోవాలి, పైపొర చేతిలో మిగలాలి. అలా జారితే చూడి ఉన్నట్టు."

ఆయన ముఖం వెలిగింది. "అంటే లైనింగు కలిపి కుట్టకూడదు. విడిగా వదలాలి. శాటిన్ వేస్తాను."

అండాశయాలకి పత్తి గింజలు కూరి బాదం పప్పంత చేశాడు. ఆవు ఎదకి వచ్చాక అండం విడుదలైన చోట ఒక గడ్డ పెరుగుతుంది, చూడి నిలిస్తే అది పోకుండా ఉండిపోతుంది. దానికి అత్తగారు ఒక చిన్న బొత్తానికి గుడ్డ చుట్టి కుట్టింది. "ఇది నా వాటా," అంది.

ఇంతలో ప్యాంటు కోసం ఒక పెద్దమనిషి వచ్చాడు. తీగ మీద వేలాడుతున్న గర్భసంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిల్లాడి లాగూనా? కాళ్ళు మరీ సన్నం చేశావేం?"

దర్జీ తలెత్తలేదు. "ఆర్డరండీ."

"ఎవరిది?"

"గవర్నమెంటుది."

గవర్నమెంటు పిల్లలకి ఇలాంటి బట్టలిస్తే ఎలా అని ఆ పెద్దమనిషి చాలా బాధపడి వెళ్ళాడట.

పరీక్ష రోజుకి ఐదు సంచులు తయారు. మూడు ఖాళీ, రెండు చూడి. పెట్టె లోపల జారుడుగా ఉండటానికి సీసాలమ్మ సబ్బునీళ్ళు పూసింది. బయటి పరీక్షకుడు భారీ మనిషి, మీసాలున్నాయి, అనుమానమూ ఉంది. గుడ్డ సంచులనగానే మొహం చిట్లించి, చొక్కా చెయ్యి మడిచి, ముందు తనే పెట్టెలో చెయ్యి పెట్టి ఒక్కో దాన్నీ తడిమి చూశాడు. రెండో సంచిలో శాటిన్ జారగానే ఆయన మీసం కదిలింది. మళ్ళీ గిల్లాడు. మళ్ళీ జారింది. చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు గిల్లాక గాని చెయ్యి బయటికి తియ్యలేదు.

నా వంతుకి నాలుగో సంచి వచ్చింది. ముఖం దొరికింది, కొమ్ములు విడిపోయే చోటు దొరికింది. రెండూ సమానంగా ఉన్నాయి, ఏ పొరా జారలేదు. కాని ఎడమ కొమ్ము చివర గట్టిగా ఏదో తగిలింది.

"చూడి లేదు సార్," అన్నాను. "కాని ఎడమ కొమ్ములో గట్టిగా ఏదో ఉంది."

"ఏమీ లేదు. నేను చూశాను."

"ఉంది సార్."

ఎదురుచెప్పినందుకు పోయాననే అనుకున్నాను. ఆయన వచ్చి చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచి, మాస్టారి వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"పిండం లోపలే చచ్చి, ఎండి, గట్టిపడిపోయిన కేసు. నా సర్వీసులో రెండుసార్లే చూశాను. దీన్ని కూడా పరీక్షలో పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

మాస్టారు గుప్పిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గారు.

తలుపు దగ్గర నిలబడ్డ సీసాలమ్మ, అలవాటు కొద్దీ మాట అందించింది. "మా ఆయనదండీ."

పరీక్షకుడు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నాకు మంచి మార్కులు పడ్డాయి. అందరూ వెళ్ళాక ఆవిడ ఆ నాలుగో సంచి కుట్టు విప్పింది. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ, మొగుడిది, కొమ్ము చివర ఇరుక్కుని ఉంది. దాన్ని చూసి ఆవిడ నవ్వడం మేం మొదటిసారి విన్నాం. సన్నగా, ఆగకుండా, కూర్చుని మరీ నవ్వింది.

ఆ పరీక్షకుడు వెళ్ళిన చోటల్లా చెప్పినట్టున్నాడు. ఇంకో రెండు కాలేజీల వాళ్ళు సంచుల కోసం కొట్టుకే వచ్చారు. దర్జీ ఇక సిగ్గు మానేసి వాటిని చొక్కాల పక్కనే వేలాడదీసేవాడు. ఎవరైనా అడిగితే ఆయన నోరు తెరిచే లోపే అత్తగారు మొత్తం పాఠం చెప్పేసేది, పేర్లతో సహా. కొందరు ప్యాంటు కొలతలివ్వకుండానే వెళ్ళిపోయేవారు.

చదువయ్యాక నేను ఆ కాలేజీ ఆస్పత్రిలోనే చేరాను. అందుకే మిగతాదీ తెలుసు. ఐదేళ్ళకి మాస్టారు రిటైరై వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో ఒక కుర్ర టీచరమ్మ వచ్చింది. ఆవిడకి దగ్గు లేదు. మొదటి రోజే గర్భసంచి, వీర్యం, ఎద అన్నీ గణగణా చెప్పేసింది. సీసాలమ్మ సీసా పట్టుకుని పక్కనే నిలబడి, చెయ్యడానికేమీ లేక, మూత తుడుస్తూ ఉండిపోయింది. వారం రోజులు అలాగే గడిచింది. మనిషి చిక్కిపోయినట్టు కనిపించింది నాకు.

ఎవరు చెప్పారో గాని టీచరమ్మకి పాత సంగతి తెలిసింది. ఒకరోజు క్లాసులో, "అమ్మా, ఈ రోజు చూడి పరీక్ష పాఠం మీరే చెప్పండి," అని తను వెళ్ళి బెంచీలో కూర్చుంది.

సీసాలమ్మ నల్లబల్ల ముందు నిలబడింది. "గర్భసంచి," అంది. ఆగింది.

అందరూ ఎదురు చూశారు.

"తర్వాత?" అంది టీచరమ్మ.

"తర్వాతది మాస్టారు చెప్పేవారండీ."

పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆ గదిలో చెప్పినవన్నీ ఒంటి మాటలే. వాక్యం ఎలా నడపాలో తెలియలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడా నవ్వేసింది. తర్వాత గుడ్డ సంచి ఒకటి పెట్టెలో పెట్టి, ముందు బెంచీలో పిల్లని లేపి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కంతలోకి పోనిచ్చింది.

"మెల్లగా పో. కోడిమెడలా ఏదైనా తగిలిందా? అది వదలకు. దాని వెంటే ముందుకి పో, రెండుగా చీలుతుంది. ఆ, అక్కడ. ఇప్పుడు గిల్లి పట్టు. చీర కుచ్చిళ్ళు సర్దేటప్పుడు పట్టుకుంటావే, అంత సుతారంగా."

ఆ రోజు గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు. అప్పటి నుంచి ఆ ఒక్క పాఠం ఆవిడదే అయింది. టీచరమ్మ పాఠాల పట్టీలో ఆవిడ పేరు వేయబోయి అసలు పేరేమిటని అడిగితే, ఆవిడ సీసా మూత తుడుస్తూ, "సీసాలమ్మ అనే వెయ్యండి, వీళ్ళకి తెలిసింది అదే," అందట.