సరస్సు మీద టీ కాచిన మా బావ

మా బావ తెరెంతెయ్‌కి కనుబొమలు లేవు. పుట్టుకతో వచ్చినవాటిని సరస్సు తీసేసుకుంది.

ఉత్తరాన మంచుసీమలో ఉండే సఖా జాతివాళ్లం మేం, సరస్సును అమ్మమ్మ అంటాం. చలికాలంలో వలలు దించేముందు, గడ్డకట్టిన నీటిమీద నిప్పు రాజేసి అమ్మమ్మకు వెన్న రాసిన అట్టు పెడతాం. ఆ ఏడు బావ సరిగ్గా మంచుగడ్డలో తెల్లటి బుడగలు చిక్కుకున్నచోట గునపం దించి, పక్కనే అగ్గిపుల్ల గీశాడు. మనిషెత్తు మంట లేచింది. అందరం పరుగో పరుగు. బావ మాత్రం నుదురు తడుముకుంటూ, "అమ్మమ్మ మనకి గ్యాసిచ్చిందిరోయ్!" అని కేకలు.

ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు. అడుగూడిన బకెట్టు ఆ కన్నం మీద నిలబెట్టి, పైన కెటిల్ పెట్టి, దారినపోయే వాళ్లందరికీ టీ పోసేవాడు. పాలు మా అక్క మాయిస్ ఆవులవి.

"సరస్సు ఒడ్డు కొరుక్కుంటూ వస్తోంది, కొట్టం మార్చవయ్యా" అని అక్క పోరేది. అది కూలితే ఆ చలికి ఆవులు ఒక్క రాత్రి బతకవు.

"గ్యాసే ఇంటికి నడిచొస్తుంటే కాదంటావేమే?" అనేవాడు బావ.

బుడగలు పరీక్షించడానికి యాకుత్స్క్ పట్నం నుంచి ఐతాలీనా అనే అమ్మాయి వచ్చింది. టీ తాగాక అసలు సంగతి చెప్పింది.

"పెదనాన్నా, అడుగున మామత్ ఏనుగుల కాలంనాటి గడ్డీ, పేడా గడ్డకట్టుకుని ఉన్నాయి. మంచుపట్టిన నేల కరిగేకొద్దీ కంటికి కనపడని జీవులు వాటిని తిని ఈ మీథేన్ వదుల్తాయి. అది పైకిపోయి లోకాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడికి నేల ఇంకా కరుగుతుంది."

"అంటే నేనిన్నాళ్లూ పురుగుల పిత్తుల మీద టీ కాస్తున్నానా?"

"అంతే. ఊరికే వదిలెయ్యడంకంటే కాల్చడమే నయంలెండి."

"విన్నావుటే మాయిస్! లోకాన్ని కాపాడుతున్నా!"

"ముందు కొట్టాన్ని కాపాడు" అంది అక్క.

ఆ పిల్ల నవ్వలేదు. "బుడగలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కింద నేల అంత జోరుగా కరుగుతున్నట్టు, పెదనాన్నా."

మర్నాడు బావ కొట్టం వెనక సరస్సు గడ్డమీది మంచు ఊడ్చి చూశాడు. గోడ మొదలుదాకా తెల్లటి బుడగలే. చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని జేబులో పెట్టేసుకుని, "గొడ్డలి పట్రారా బావమరిదీ" అన్నాడు. ఆవుల్ని మా కొట్టంలో ఇరికించి, బావ కొట్టాన్ని దుంగ దుంగా విప్పి మిట్టమీదికి మోశాం.

వేసవికల్లా పాత కొట్టం చోటు నీళ్లపాలైంది. మళ్లీ గడ్డకట్టాక చూస్తే సరస్సు మొత్తంలోకీ అక్కడే బుడగలెక్కువ.

"పొయ్యి పెట్టవా బావా?" అని ఎగతాళి చేశాను.

ఆయన నవ్వలేదు. "మన ఆవులన్నీ పుట్టిన చోటురా అది. దానిమీద టీ ఎలా కాయను?"