తిన్నాక వేసుకునే మాత్ర

పోయిన సోమవారం పొద్దున మా పెద్దమ్మ కరీంనగర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె పెద్దకొడుకు ఫోన్ చేసి, "చెల్లె, అవ్వ పోయింది" అన్నాడు. "సరే అన్నా" అన్నాను. అదేం మాటో! ఫోన్ పక్కన పెట్టి, చాటలో బియ్యం ఏరడం పూర్తి చేసి ఎసట్లో పోశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు. లోపల మొద్దుబారిపోయింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. బెల్లంపల్లిలో వాళ్ళింటికీ మా ఇంటికీ ఒక్క గోడే అడ్డం. అవతలి నుంచి "బిడ్డా, లేచినవా?" అని కేకేస్తేనే నాకు తెల్లారినట్టు. మనసు మంచిదే, నోరే పదును. చర్చిలో ఎవరైనా గొంతు చించుకొని ప్రార్థిస్తే, బయటికొచ్చాక "దేవుడేమన్న చెవిటోడానే? గంత ఒర్రుడెందుకు?" అనేది. తాను మాత్రం పెదవి కదపకుండా చేసుకునేది. నా కూరలో ఉప్పెక్కువైతే "ఉప్పు అగ్గువకు దొరికిందా?" అని అడిగేది. నేను అలిగితే బతిమాలదు. గోడ మీద గిన్నెలో సర్వపిండి పెట్టి పోయేది. నేను తినేదాన్ని.

షుగర్ కిడ్నీల దాకా వచ్చిందని తేలాక కరీంనగర్‌లో డాక్టరు దగ్గరికి ఆమెను నేనే తీసుకుపోయేదాన్ని. ఒకసారి ఆయన రక్తపరీక్ష చూసి, "రక్తంలో ఆమ్లం పెరుగుతోందమ్మా. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయి" అన్నాడు.

"అంటే పులిసిన అంబలి లెక్కనా సారూ?"

ఆయన నవ్వాడు. "అట్లనే అనుకో. వదిలేస్తే ఎముకలు బలం తప్పుతయి, కండ కరుగుతది, మిగిలిన కిడ్నీ కూడా తొందరగ పోతది. ఈ సోడా మాత్రలు ఆమ్లాన్ని విరుస్తయి. మూడు పూటలా తిన్నాక వేసుకో. డయాలసిస్‌ను కొన్నాళ్ళు వెనక్కి జరపొచ్చు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "గా మిషన్ మీద పండబెట్టకుంటే సాలు బిడ్డా. నా కాళ్ళ మీద నేను చర్చికి పోవాలె, గంతే" అంది. అదొక్కటే ఆమె కోరిక. మాత్రలు కొంగున ముడేసుకొని తిరిగేది. తిని చెయ్యి కడుక్కోగానే ముడి విప్పేది. ఒక్కపూటా మరిచింది లేదు. నెలనెలా పరీక్ష మంచిగా వస్తుంటే నాకే గర్వంగా ఉండేది.

ఈ ఏడు ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే నలభై శ్రమదినాలు వచ్చాయి. ఉపవాసం వద్దని పెద్దమ్మకు పాస్టరు గారు చెప్పారు, నేనూ పోట్లాడాను. "నా దేవునికి నాకు నడుమ నీకెందుకే ఫికర్?" అంది. పగలంతా నీళ్ళే, పొద్దుగూకినాక రెండు ముద్దలు.

ఆ దినాల్లోనే ప్రార్థన కూటాల్లో ఆమె ఊపిరి మారింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, గుట్టెక్కి వచ్చినట్టు లోతుగా, బారుగా, ఆగకుండా తీసేది. "అక్క ప్రార్థనల మునిగిపోయింది, సూడుండ్రి" అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. "ప్రార్థన అంటే పెద్దమ్మ లెక్క చెయ్యాలె" అన్నారు పాస్టరు గారు. ఎప్పుడూ మౌనంగా చేసే మనిషే గదా, అందరం నమ్మాం. దమ్మొస్తుందా, ఆయాసమా అని నేను అడిగితే, లేదని చెయ్యి ఊపింది.

ఈస్టర్‌కు వారం ముందరి మట్టల ఆదివారం దాటాక మంచం మీంచి లేవలేకపోయింది. కరీంనగర్ తీసుకుపోతే, పరీక్షలు రాకముందే ఆ ఊపిరి వినగానే అదే డాక్టరు ముఖం మారింది. "ఒంట్లో ఆమ్లం పేరుకుపోతే వచ్చే ఊపిరి ఇది. మాత్రలు వేసుకుంటలేవా అమ్మా?"

పెద్దమ్మ కొంగు ముడి చూపించింది. నిండా ఉన్నాయి.

"తిన్నంక వేసుకొమ్మన్నరు గద సారూ. తిననప్పుడు ఎట్ల వేసుకుంట?"

రాత్రికి ఒక్కటి వేసుకునేదట, అంతే. చెప్పిన పని చెప్పినట్టు చేసిన బడిపిల్లలా డాక్టరు వైపు చూసింది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. ఆమెను మిషన్ మీద పండబెట్టారు. వద్దనే ఓపిక కూడా ఆమెకు లేదు. ఈస్టర్ పండుగ ఆసుపత్రిలోనే గడిచిపోయింది. ఆ సాయంత్రం బట్టల కోసం నేను ఇంటికొచ్చాను, తెల్లారితే ఫోనొచ్చింది.

నిన్న ఆదివారం చర్చిలో, "మౌనంగా ప్రార్థన చేసుకుందాం" అన్నారు పాస్టరు గారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆడవాళ్ళ వైపు వెనక వరుసలో ఒక ముసలామె బారుగా ఊపిరి విడిచింది. అంతే, అందరం కళ్ళు తెరిచి అటు తిరిగాం. పాస్టరు గారు కూడా.

ఆమె బెదిరిపోయి, "ఏంది గట్ల సూస్తరు? ఉక్కపోస్తుంది, గంతే" అంది.

ఎవరో లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చొని, వీపు మీద చెయ్యి పెట్టారు. ఆమేన్ అనేదాకా మాలో ఎవరమూ మళ్ళీ కళ్ళు మూసుకోలేదు.